కొబ్బరి అంటు

ఈమధ్య మా కాలేజీలో అధ్యాపకులందరికీ ఒక రోజు శిక్షణ పెట్టారు. కొత్త తరం విద్యార్థులను ఆకట్టుకోవడం ఎలా అన్నది విషయం. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రాయన కోటు వేసుకుని, చెంప పక్కన సన్నటి మైకు పెట్టుకుని, తెర మీద రంగురంగుల బొమ్మలు మారుస్తూ, వినేవాళ్ళ ఏకాగ్రత ఎందుకు తగ్గిపోతోందో గంటన్నర వివరించాడు. ఆయన చెబుతున్నది నిజమేనని మేమంతా మా వంతుగా నిరూపిస్తూ కూర్చున్నాం. నా వెనక వరసలో ఎవరో బాల్‌పెన్ను నొక్కుతూ వదులుతూ ఉన్నారు. టిక్కు టిక్కు. కాస్త ఆగి, మళ్ళీ టిక్కు టిక్కు. ముందు చిరాకు వేసింది. కాసేపటికి ఆ చప్పుడు ఒక నడక పట్టుకుంది. ఏసీ గదిలో కూర్చున్నవాణ్ణి, నాకు ఎర్రమట్టి వాసనా, ఆకుపచ్చ వల కింద ఉక్కపోతా తెలిశాయి. కుర్రాయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. నాకు మాత్రం మాణిక్యాంబగారి చిడతలు వినిపిస్తున్నాయి.

ఆవిణ్ణి మీరు చూసి ఉండరు. మాణిక్యాంబగారు హరికథ చెప్పేవారు. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ. ఒక్క మనిషే నిలబడి రాజూ రాణీ పురోహితుడూ గుర్రమూ అన్నీ తానే అయి, పాడుతూ, ఆడుతూ, మధ్యలో మనల్ని దెప్పుతూ కథ నడిపించాలి. టీవీలో ఎప్పుడూ రాలేదు. బిరుదులు రెండు మూడు ఉండేవి గానీ, అవి ఇచ్చిన సంఘాలు ఆవిడకంటే ముందే పోయాయి.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరుగా చేరిన కొత్తలో ఆవిడ మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. ఆవిడకు అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. కింద వాటాలో ఒక్కరే ఉండేవారు. భర్త పోయి చాలాకాలమైంది. గోడ మీద ఫొటోలో ఆయన, కథ ఎప్పటికి పూర్తవుతుందా అన్నట్టు చూస్తూ ఉండేవారు. నా క్లాసు మధ్యాహ్నం రెండు గంటలకు. అప్పుడే అన్నాలు తిని వచ్చిన డెబ్బై మందికి ఆకులు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో చెప్పడమంటే, జోలపాటకు బొమ్మలు గీసి పెట్టడమే. గొంతు పోగొట్టుకుని సాయంత్రం మెట్లెక్కుతుంటే వసారాలోంచి ఆవిడ పలకరించేవారు.

"ఏం మాస్టారూ, ఇవాళ ఎంతమంది పడుకున్నారు?"

"సగమేనండి పిన్నిగారూ."

"నిన్నటికంటే నయమే. ఏ సగం?"

ఏ సగమో నేను చూడలేదు. నేను బోర్డు వైపు తిరిగి చెబుతానని, అలా అయితే పాఠం సాఫీగా సాగుతుందని నిజమే చెప్పాను.

"వీపు చూపించి మాట్లాడేవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను మాస్టారూ. ఎడ్లబండి తోలేవాణ్ణి. వాడికైనా ఎదురుగా ఎద్దులు కనిపిస్తాయి."

మరునాటి నుంచి పిల్లల వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. పడుకున్నవాళ్ళు తగ్గలేదు. ఎవరెవరో తెలిసింది, అంతే. అయినా అదొక ప్రగతి.

నాకు ఒక పాత కారు ఉండేది. ఆవిడకు కథలు ఉండేవి. ఈ రెండూ కలిసి నేను ఆదివారాలు డ్రైవరునయ్యాను. ముందు సీట్లో ఆవిడ, వెనక సీట్లో మృదంగం, దాని పక్కన దాన్ని వాయించే సూర్రావుగారు. ఆయనది మండపేట దగ్గర పల్లెటూరు. ఆవిడతో ముప్ఫై ఏళ్ళుగా వాయిస్తున్నారు. చాలా తక్కువ మాట్లాడేవారు. చెప్పాల్సిందంతా మృదంగానికి దాచిపెట్టేవారనుకుంటాను. ఆవిడ అలా కాదు. కారు కాస్త వేగం అందుకుంటే సంచిలోంచి చిడతలు తీసి నా చెవి దగ్గర వాయించేవారు. నా డ్రైవింగు మీద ఆవిడకు ఉన్న అభిప్రాయం ఏ తాళంలో ఉందో నాకు ఇప్పటికీ తెలుసు.

కథ సాయంత్రం ఆరింటికైతే ఆవిడ పదకొండింటికే ఊళ్ళో దిగాలనేవారు. మొదట్లో భోజనం కోసమేమో అనుకున్నాను. కాదు. దిగగానే పాలకేంద్రం దగ్గరకో, టీకొట్టుకో, గుడి వంటశాలలో కూరలు తరిగే ఆడవాళ్ళ దగ్గరకో వెళ్ళి పీట వేసుకునేవారు. మొహమాటం లేకుండా ఒకటే ప్రశ్న: "మీ ఊళ్ళో ఇప్పుడు దేనికమ్మా దెబ్బలాడుకుంటున్నారు?" ఏ ఊరివాళ్ళూ ఈ ప్రశ్నకు జవాబు లేదనలేదు. ఆ జవాబు సాయంత్రం కథలో పిట్టకథగా తేలేది. పిట్టకథంటే తెలుసుగా, అసలు కథ ఆపి, పక్కసందులోకి వెళ్ళి చెప్పే చిన్నకథ.

ద్రాక్షారామం దాటాక ఒక ఊళ్ళో కార్తీకమాసం కథ. దేవుడి పెళ్ళికి దేవతలంతా రథాల మీద తరలి వస్తున్నారు. ఆవిడ గజ్జెలు ఘల్లుఘల్లుమంటూ వచ్చి వచ్చి ఠక్కున ఆగిపోయాయి. "ఊరేగింపు ఆగింది! ఎందుకాగింది? ఈ ఊరి కల్వర్టు దగ్గర చక్రం దిగబడింది. మూడేళ్ళుగా విరిగి ఉంది కదా నాయనా మీ కల్వర్టు!"

"ఐదేళ్ళండి!" అని వెనకనుంచి ఒక ముసలాయన లేచి అరిచాడు.

ఆవిడ రెండు చేతులూ జోడించారు. "పేరేంటి బాబుగారూ?"

"వీరన్నండి."

"ఐదేళ్ళట స్వామీ! దేవతలకే తెలీలేదు, వీరన్నగారు చెబితే తెలిసింది" అని అదే మాటను రాగం తీసి పాడారు. ఊరంతా వీరన్నగారి వైపు తిరిగింది. అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు నవ్వినాయన సర్పంచి.

తిరుగు ప్రయాణంలో, నాకు తోచిన సాయం చేద్దామనిపించింది. "పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. మీ కథల్లో చిన్నచిన్న తప్పులు దొర్లుతున్నాయి. కిందటివారం కాలువ పేరు తప్పు చెప్పారు. ఇవాళ కల్వర్టు. పొద్దున టీకొట్టాయన మనకి ఐదేళ్ళనే చెప్పాడు కదండి. కావాలంటే ఇలాంటివన్నీ నేను కాగితం మీద రాసిస్తాను."

వెనక సీట్లో సూర్రావుగారికి దగ్గు వచ్చింది. చాలాసేపు తగ్గలేదు.

"అలాగే మాస్టారూ, రాసివ్వండి" అన్నారావిడ.

నేను నిజంగానే రాసివ్వడం మొదలుపెట్టాను.

తరవాతి రెండేళ్ళలో కథలు పలచబడ్డాయి. పందిళ్ళలో ఆర్కెస్ట్రాలు వచ్చాయి. కమిటీవాళ్ళు ఆవిడను మరిచిపోలేదు. పిలిచి శాలువా కప్పి, మైకు సిద్ధమయ్యేలోపు ఒక పాట పాడమనేవారు. వయొలిన్ వాయించే ఆయన పెళ్ళిబృందంలోకి వెళ్ళిపోయాడు. శ్రుతికి ఆవిడ ఫోన్‌లో యాప్ వేయించుకున్నారు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే శ్రుతి ఆగిపోయి, ఆవిడ సహస్రనామాల రింగ్‌టోన్‌కి చేతులు జోడించి కథ కొనసాగించేవారు. జనం అదీ కథలో భాగమే అనుకునేవారు.

ఒక వేసవిలో సూర్రావుగారు వసారాలో మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుని, దానికే చెబుతున్నట్టుగా విషయం చెప్పారు. కాకినాడలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్ కావాలిట. అల్లుడు మాట్లాడి పెట్టాడు. గది కూడా ఇస్తారు. వచ్చే ఆదివారం వెళ్ళి ఒప్పుకుంటే ఒకటో తారీకు నుంచి చేరొచ్చు.

"నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి సూర్రావూ" అన్నారావిడ, గొంతులో ఏ తేడా లేకుండా. ఆయన వెళ్ళాక మాత్రం గుమ్మం వైపు చూస్తూ నాతో అన్నారు. "శ్రుతిని ఫోన్‌లో పెట్టుకున్నాను. సూర్రావుని దేన్లో పెట్టుకోను మాస్టారూ? అతను లేకపోతే నేను కథ చదవగలను. చెప్పలేను."

వీర్రాజుగారు వచ్చింది ఆ మర్నాడే. ఆయనకు కడియంలో నర్సరీ ఉంది. చిన్నప్పుడు ఆవిడ కథ విన్నాడట. చెప్పులు బయట వదిలి, కుర్చీ అంచున కూర్చుని సంగతి చెప్పాడు. వానలు పడేలోపు మొక్కలన్నీ సంచుల్లోకి మార్చాలి. నలభైమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు.

"చెవుల్లో వైర్లు పెట్టుకుని పని చేత్తన్నారండి. పిలిత్తే పలకరు. మేస్త్రీ దగ్గరకెళ్ళి అరవాలి. అరిత్తే గొడవ. ఎలాగూ ఏదో ఒకటి వింటారు కదండీ, అందరూ కలిసి ఒకటే వింటే బాగుంటాదని. మధ్యాహ్నం పూట చెప్పండమ్మా. ఈ వారం చూద్దాం. బాగుంటే శనివారం మాట్లాడుకుని సీజనంతా పెట్టుకుందారి."

ఆవిడ సూర్రావుగారికి కబురు పంపారు. ఆయన వారం వాయిస్తానన్నారు. ఆదివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ వారం అందరికీ ఒకటే లెక్క: శనివారం వీర్రాజుగారు సరేనంటే ఆదివారం సూర్రావుగారికి ఆగడానికి ఒక కారణం ఉంటుంది. లేకపోతే లేదు.

నాకు వేసవి సెలవులు. చదువుకున్నవాడికి సెలవులిస్తే జరిగేదే జరిగింది. మూడు పేజీల ప్రణాళిక రాశాను. శ్రోతలు కొత్తవాళ్ళు, ఏకాగ్రత తక్కువ, కాబట్టి పిట్టకథలు తీసెయ్యాలి. కథ సూటిగా నలభై నిమిషాల్లో ముగియాలి. ఒక్క తప్పూ ఉండకూడదు. మొన్నటి శిక్షణలో కోటు కుర్రాయన చెప్పినవన్నీ నేను అప్పుడే కోటు లేకుండా చెప్పాను. ఆవిడ కాగితాలు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివారు.

"పిట్టకథలన్నీ తీసెయ్యాలా?"

"అన్నీనండి."

"మీరు చదువుకున్నవారు" అన్నారు. ఆ మాటలో నాకు అప్పుడు ప్రశంసే వినిపించింది.

సోమవారం మధ్యాహ్నం. ఆకుపచ్చ వల కింద ఎర్రమట్టి గుట్టల పక్కన ఆడవాళ్ళు రెండు వరసల్లో కూర్చున్నారు. నల్ల ప్లాస్టిక్ సంచిలో మట్టి పోయడం, నేలకేసి రెండుసార్లు తట్టడం, మొక్క పెట్టి బొటనవేళ్ళతో నొక్కడం, పక్కన పెట్టడం. తలలు వంగి ఉన్నాయి. పట్టుచీర కట్టి, దండ వేసుకుని ఆవిడ నిలబడ్డారు. జీవితమంతా తన వైపు ఎత్తిన ముఖాలను చూసి కథ చెప్పిన మనిషికి ఇప్పుడు కనిపిస్తున్నవి నలభై పాపిళ్ళు.

పెళ్ళికూతురు తనే ఉత్తరం రాసి వరుణ్ణి రప్పించుకున్న కథ ఎత్తుకున్నారు. పేర్లు నేను చెప్పక్కర్లేదు, మీకు తెలుసు. వాళ్ళకీ తెలుసు, అదే చిక్కని నాకు తట్టలేదు. ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో పెళ్ళయిపోయింది. నా కాగితం ప్రకారం రెండు నిమిషాలు మిగిలాయి కూడా. ముందు వరసలో నూకరత్నం అనే ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"అయిపోయిందాండి? పెళ్ళి అయిపోయినట్టేనా?"

"అయిపోయిందమ్మా."

"ఆహా" అని వైరు చెవిలో పెట్టుకుంది. ఆ తరవాత జీవితంలో నేను చాలా విమర్శలు చదివాను. అంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు.

తిరుగు ప్రయాణంలో నేను నలభైలో పోతున్నా చిడతలు మోగలేదంటే పరిస్థితి మీరే ఊహించుకోండి. చివరికి ఆవిడే అన్నారు. "మాస్టారూ, ఆ పెళ్ళవుతుందని వాళ్ళకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసిన పెళ్ళికి జనం ఎందుకొస్తారు?"

"భోజనాలకండి" అన్నారు వెనకనుంచి సూర్రావుగారు.

"అదీ. మనం భోజనాలు తీసేశాం."

నన్ను ఒక్కమాట అనలేదు. మూడు పేజీలూ మడిచి సంచిలో పెట్టుకున్నారు. మర్నాడు మాత్రం ఏడింటికే కారు తియ్యమన్నారు. పాత నూలుచీర కట్టారు. నర్సరీలో దిగి నేరుగా వెళ్ళి నూకరత్నం పక్కన మట్టిలో చతికిలబడి ఒక సంచి అందుకున్నారు.

"ఏటమ్మా, కథలు చెప్పే చేతులు! మట్టంటుకుంటే రాగం రాదేమో సూసుకోండి" అంది నూకరత్నం.

"రాగం చేతిలో లేదమ్మా, ఉంటే నీకే ఇద్దును. ఇలాగేనా నింపడం?"

"అలా నింపితే వారం తిరక్కుండా సచ్చిపోద్ది. ఇలా తెండి."

పన్నెండింటిదాకా ఆవిడ సంచులు నింపారు, లేక వాళ్ళు నింపుతుంటే అడ్డు వచ్చారు. ఏ మొక్క ఎంతకాలం ఉంటుంది, మేస్త్రీ ఎవరి మీద అరుస్తాడు, లారీలు ఎటు పోతాయి, అన్నీ అడిగారు. నేను పక్కన నిలబడి మొక్కల శాస్త్రీయనామాలు చెప్పబోయి, అక్కడ ఎవరికీ వాటి అవసరం లేదని గ్రహించి ఊరుకున్నాను. "ఈ మొక్కలు ఎక్కడెక్కడికో పోతాయంటమ్మా. మేము కాకినాడ దాటి ఎరగం" అంది నూకరత్నం, సంచి తడుతూ.

మధ్యాహ్నం మళ్ళీ అదే కథ. పెళ్ళికూతురు ఉత్తరం రాసింది. ఎవరిచేత పంపాలి? చిడతలు ఆగాయి. "ఆ పిల్ల సంగతి అలా ఉంచండి. ఈ నర్సరీలో ఒక పిల్ల ఉంది. దానికీ ఒకడికి కబురు పంపాలని ఉంది. వాడెక్కడో ఉత్తరదేశంలో ఉన్నాడు. ఫోన్ చేద్దామంటే మేస్త్రీ చూస్తాడు. ఏం చేసింది? ఉత్తరం రాసి, సంచి అడుగున పెట్టి, పైన మట్టి పోసి, చక్కగా ఒక కొబ్బరి అంటు కట్టి, లారీ ఎక్కించింది!"

వృక్షశాస్త్రం లెక్చరరుగా నేను కళ్ళు మూసుకున్నాను. కొబ్బరికి అంటు కట్టడమేమిటి? కొబ్బరి కాయనుంచి తప్ప రాదని గోదావరి జిల్లాల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కళ్ళు తెరిచేసరికి నలభై తలలు ఎత్తి ఉన్నాయి.

"కొబ్బరికి అంటేంటమ్మా!" అని నూకరత్నం గట్టిగా నవ్వింది. "ఎవరైనా వింటే మా పరువు పోద్ది!"

ఆవిడ చేతులు జోడించారు. "తప్పయింది తల్లీ. నూకరత్నమ్మ చెబుతోంది, కొబ్బరికి అంటు లేదట" అని దాన్నే రాగం తీశారు. "మరి ఏం పెట్టమంటావు?"

"మావిడంటు పెట్టండి. ఎవరైనా కొనుక్కుంటారు."

"అడుగున పెట్టకూడదండి ఉత్తరం" అంది వెనక వరసలో ఒక చిన్నపిల్ల తల్లి. "అడుగున చిల్లులుంటాయి. నీళ్ళోత్తే తడిసి ముద్దయిపోద్ది. కవర్లో చుట్టి వేరు పక్కన పెట్టాలి."

"అనుభవం ఉన్నట్టుందే!" అని ఇంకెవరో అన్నారు. వల కింద నవ్వులు ఎగిరాయి. అక్కణ్ణించి కథ ఆవిడ చేతిలో లేదు, వాళ్ళ చేతిలో ఉంది. ఆవిడ అడుగుతారు, వాళ్ళు చెబుతారు, ఆవిడ పాడతారు. వైర్లు మెడల్లో వేలాడుతున్నాయి. నేను రాసిచ్చిన కాగితాలన్నీ ఆవిడ ఎందుకు అంత మర్యాదగా పుచ్చుకున్నారో, సూర్రావుగారి దగ్గు ఏ మందుకూ ఎందుకు తగ్గదో ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది. కొత్తచోట వాళ్ళకు బాగా తెలిసినదాంట్లో ఒక తప్పు చెప్పడం ఆవిడ వృత్తిలో పద్ధతి. నేను రెండేళ్ళుగా ఆ తప్పులు దిద్ది పెడుతున్నాను.

ఆ సాయంత్రం వీర్రాజుగారు తల గోక్కుంటూ వచ్చాడు. "అమ్మగారూ, కథ బ్రహ్మాండం. అదేనండి ఇబ్బంది."

సంగతేమిటంటే, తలలు ఎత్తినప్పుడు చేతులు ఆగాయి. మేస్త్రీ చూపించిన వరసల్లో సగం ఖాళీ. వైర్లు పెట్టుకుని విన్నప్పుడు చేతులు ఆగలేదు. "మీరు కాస్త మామూలుగా చెప్పగలరేమో చూడండమ్మా" అన్నాడు పాపం, చాలా గౌరవంగా. నలభైఏళ్ళ అనుభవం ఉన్న కళాకారిణిని కొంచెం తక్కువ బాగా చెప్పమని అడగడం ఆయనకూ కష్టంగానే ఉంది.

కారెక్కాక సూర్రావుగారు మాట్లాడారు. ఆయన అంత పొడుగు మాట చెప్పడం నేను అదే వినడం.

"అమ్మా, ఆళ్ళ చేతుల్లో నాలుగు లెక్కలున్నాయండి. పొయ్యడం ఒకటి, తట్టడం ఒకటి, నొక్కడం ఒకటి, పక్కనెట్టడం ఒకటి. నేను పొద్దున్నుంచీ చూత్తన్నాను. రేపు నేను మీకు వాయించనండి. ఆళ్ళ చేతులకి వాయిత్తాను. మీరు నా వెనక రండి."

ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ ఆగితే మృదంగం ఆగేది, ఆవిడ పరిగెడితే మృదంగం పరిగెత్తేది. హరికథలో పద్ధతే అది. కథకుడు ముందు, వాద్యం వెనక. ఆవిడ ఏమంటారా అని నేను రోడ్డు వదిలి పక్కకి చూశాను. చెవి దగ్గర చిడతలు మోగాయి.

"రోడ్డు చూడండి మాస్టారూ" అన్నారు. తరవాత, "అలాగే సూర్రావూ."

బుధవారం ఆవిడకు కుదరలేదు. నిజంగా కుదరలేదు. రెండుసార్లు నవ్వు కోసం ముందుకు ఉరికి మృదంగాన్ని దాటిపోయారు. రెండోసారి సూర్రావుగారు అందరి ముందూ చెయ్యి ఆపేశారు. "అమ్మా, తొందరపడకండి. నూకరత్నం చెయ్యి చూడండి." నలభైమంది చూస్తున్నారు. ఆవిడ ముఖంలో ఏదో ఒకటి వచ్చి పోయింది. వెంటనే సూర్రావుగారి వైపు తిరిగి, వీరన్నగారికి జోడించినట్టే చేతులు జోడించారు. "సూర్రావుగారు చెబుతున్నారు, తొందర కూడదట" అని పాడి, నూకరత్నం చేతుల మీద చూపు నిలిపి మళ్ళీ మొదలుపెట్టారు. ఆవిడ ఆయన్ని 'గారు' అనడం నేను విన్నంతలో అదే మొదలు.

గురువారానికి కుదిరింది. శుక్రవారానికి నాలుగో లెక్క మీద, సంచి పక్కన పెట్టే క్షణంలో నవ్వు పడేలా సూర్రావుగారు చోటు చేసి ఇచ్చారు. మట్టి పోసేటప్పుడు కథ, తట్టేటప్పుడు చిడతలు, పక్కన పెట్టేటప్పుడు నవ్వు. తలలు ఎత్తనక్కర్లేదు. వంగిన తలల కిందనుంచే "ఆ లారీ తుని దగ్గర ఆగుతాదండి", "డ్రైవరు మంచోడేనాండి?" అని మాటలు వస్తూనే ఉన్నాయి. ముఖాలు చూడకుండా కథ చెప్పడం ఆవిడ అరవయ్యో ఏటో, అరవై ఒకటో ఏటో, ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నారు. భుజాలు కదిలితే నవ్వు, వేళ్ళు నెమ్మదిస్తే దిగులు. తరవాత నాకు చెప్పారు, ముఖాలకంటే చేతులే నయమట, చేతులకి మొహమాటం ఉండదట.

శనివారం వీర్రాజుగారు కుర్చీ వేయించుకుని చివరిదాకా కూర్చున్నాడు. అయ్యాక మేస్త్రీ వరసలు రెండుసార్లు చూసి వచ్చి, "తగ్గలేదండి" అన్నాడు, కాస్త నిరాశగా.

"అయితే సీజనంతా చెప్పండమ్మా" అన్నాడు వీర్రాజుగారు. లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ ఉత్తరం చేరిందాండి ఇంతకీ? బుధవారం నేను ఊళ్ళో లేను."

"సోమవారం రండి బాబూ, తెలుస్తుంది" అన్నారావిడ.

సూర్రావుగారు మృదంగాన్ని గుడ్డలో చుట్టి కారు వెనక సీట్లో పెడుతున్నారు. ఆవిడ కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు, ఎక్కలేదు. నేను తాళంచెవి కోసం జేబులన్నీ వెతికాను, చేతిలోనే ఉన్నా.

"అమ్మా, సోమవారం లారీ ఉత్తరదేశం చేరాలి కదండీ. లారీకి ఈ నడక సరిపోదు. మార్చాలి. రేపోసారి కూకుందారా?"

"రేపు ఆదివారం సూర్రావూ. నీకేదో పని ఉందన్నావు."

"ఉందండి. ఇదే."

ఆవిడ కారెక్కారు. ఆ రోజు నేను ఎంత వేగంగా పోయినా చిడతలు బయటకు రాలేదు.

ఆ సీజను అయ్యాక ఇంకో రెండు నర్సరీలు పిలిచాయి. దీనివల్ల హరికథకు పూర్వవైభవం వచ్చిందని చెప్పను. పందిళ్ళలో ఆర్కెస్ట్రాలే ఉన్నాయి. మూడేళ్ళ పాటు వానలకు ముందు నెలల్లో కడియం వైపు కొన్ని సంచులు నాలుగు లెక్కల్లో నిండాయి, అంతే. ఒకసారి నేను ధైర్యం చేసి అడిగాను. "పిన్నిగారూ, ఆ కొబ్బరి అంటు... అది కావాలని చేసిన తప్పేనా?"

ఆవిడ నవ్వారు. "నేను పుట్టింది బస్తీలో మాస్టారూ. కొబ్బరి ఎలా వస్తుందో ఆ రోజుదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు."

"అయితే నిజంగానే తెలీదా!"

"ఏదైతేనేం. దిద్దినవాళ్ళకి తేడా లేదు కదా."

ఆవిడ పోయినప్పుడు నూకరత్నం, ఇంకో పదిమంది పని మానుకుని వచ్చారు. అందరూ వెళ్ళాక వసారాలో నేనూ సూర్రావుగారూ మిగిలాం. ఎన్నేళ్ళనుంచో మనసులో ఉన్న మాట అప్పుడు అడిగాను: ఆ ఆదివారం కాకినాడ ఎందుకు వెళ్ళలేదని. సీజను ఖాయమైంది కాబట్టేనని ఆయన అంటారనుకున్నాను.

"సీజనుదేముందండి, రెండు నెల్లు" అన్నారు. "బుధవారం నేను చెయ్యి ఆపేశాను కదా. ముప్ఫై ఏళ్ళల్లో అదే మొదలండి. తిడతారనుకున్నాను. దణ్ణం పెట్టి, నేను చెప్పింది పాడారు. అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ చెప్పింది ఎవరు పాడతారండి?"

నేను ఇప్పటికీ అదే కాలేజీలో, అదే రెండు గంటల క్లాసు చెబుతున్నాను. కావాలని తప్పులు చెప్పే విద్య నాకు అవసరం పడలేదు. సహజంగా దొర్లేవే సరిపోతున్నాయి. ఆమధ్య కొబ్బరిచెట్టు బొమ్మకు తల్లివేరు గీశాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. "సార్, అది తప్పండి. తుఫానుకి మా తోటలో పడిపోయిన చెట్లు చూశాను, అన్నీ పీచువేళ్ళే." ఇలాంటప్పుడు మొదటి క్షణంలో నాకు కోపమే వస్తుంది, ఎంతైనా చదువుకున్నవాణ్ణి. రెండో క్షణంలో సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు జోడించి, పేరు అడుగుతాను. ఆ పేరు పెట్టే, అతను చెప్పిన మాటను బోర్డు మీద రాస్తాను. మొదటి క్షణం నా సొంతం. రెండోది మాణిక్యాంబగారిది.